స్క్రీన్ రికార్డింగ్ పాఠాలకు వెబ్‌క్యామ్, మైకు: కొత్త కెమెరా కొనే ముందు సరిచూడవలసినవి

కావలిలో ట్యాలీ, ఎక్సెల్ నేర్పే చిన్న కేంద్రం నడుపుతున్న మీరు, తెర మీద జరిగేదాన్నీ పక్కన మీ ముఖాన్నీ కలిపి రికార్డు చేసి విద్యార్థుల ఫోన్లకు పంపాలనుకుంటే ఎదురైన ఇబ్బందులను వరుసగా రాశారు. గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తోంది. ట్యూబ్‌లైటు కింద ముఖం మీద నల్లని చారలు పాకుతున్నాయి. బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. పెదవులకూ మాటకూ పొంతన కుదరడం లేదు. ఒకరోజు మధ్యలో కరెంటు పోయి గంట పాఠమంతా తెరుచుకోని ఫైలుగా మిగిలింది. వీటన్నిటికీ మందుగా 4కే వెబ్‌క్యామ్ ఒకటి కొనాలా అని అడిగారు. కొనవద్దు. మీరు రాసినవాటిలో ఖరీదైన కెమెరాతో తీరేది ఒక్కటి కూడా లేదు. ఒంగోలులో కోచింగ్ కేంద్రాలకు రికార్డింగ్ గదులు అమర్చే పనిలో ఉన్నవాడిగా నేను చెప్పగలిగినది ఏమిటంటే, ముందు శబ్దం బాగుపడాలి, ఆ శబ్దంలోనూ మైకు కన్నా ముందు గది బాగుపడాలి. కెమెరా సంగతి ఆ తరవాత చూసుకోవచ్చు. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా విద్యార్థి పాఠం చూస్తాడు గానీ, మాట తెలియకపోతే రెండు నిమిషాల్లో మూసేస్తాడు.

మొదట మైకు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి, మీరు కొన్న కాలరు మైకు ఇంతవరకూ ఒక్క మాట కూడా రికార్డు చేసి ఉండదని నా బలమైన అనుమానం. వెబ్‌క్యాముల్లో చాలావాటికి లోపలే ఒక మైకు ఉంటుంది. కెమెరాను యూఎస్‌బీలో పెట్టగానే విండోస్ ఆ మైకును కూడా గుర్తించి, చాలాసార్లు దాన్నే ప్రధాన పరికరంగా ఎంచుకుంటుంది. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మైకు దగ్గర 'డిఫాల్ట్' అని వదిలేసి ఉంటే, మీ మెడ దగ్గరి మైకు ఊరికే వేలాడుతుండగా, మూడడుగుల దూరంలో మానిటరు పైనున్న కెమెరా మైకు మీ మాటనూ, గోడల ప్రతిధ్వనినీ, ఫాను హోరునూ కలగలిపి అందిస్తూ ఉంటుంది. ఇది తేల్చుకోవడం సులువు. మీరు రికార్డింగుకు వాడుతున్న ఓబీఎస్ స్టూడియో సాఫ్ట్‌వేర్ తెరిచి, ఏమీ మాట్లాడకుండా, కాలరు మైకు తలను గోటితో మెల్లగా గీకండి. ఆడియో మిక్సర్‌లోని రంగు పట్టీ ఎగిరిపడితే మైకు పనిచేస్తున్నట్టు. అది కదలకుండా ఉండి, వెబ్‌క్యామ్‌ను గీకినప్పుడు ఎగిరితే దొంగ దొరికినట్టే.

కాలరు మైకు ఎందుకు పలకడం లేదన్న ప్రశ్నకు సమాధానం బహుశా దాని పిన్నులో ఉంటుంది. మీది డెస్క్‌టాప్ కంప్యూటరు అని రాశారు. డెస్క్‌టాపుల్లో మైకుకు గులాబీ రంగు రంధ్రం, స్పీకరుకు ఆకుపచ్చ రంధ్రం విడివిడిగా ఉండడం మామూలు. ఫోను కోసం తయారైన కాలరు మైకు పిన్ను మీద మూడు నల్ల గీతలు, అంటే నాలుగు లోహపు పట్టీలు ఉంటాయి. మైకు సంకేతం వచ్చేది చివరి పట్టీ మీద. గులాబీ రంధ్రం మూడు పట్టీల పిన్ను కోసం చేసినది కాబట్టి ఆ నాలుగో పట్టీ అక్కడ ఎర్త్ భాగాన్ని తాకుతుంది, శబ్దం అక్కడితో ఆగిపోతుంది. మైకునూ ఇయర్‌ఫోనునూ రెండు పిన్నులుగా విడదీసే చిన్న అడాప్టరు దొరుకుతుంది. దానితో పని జరుగుతుంది. నన్నడిగితే అంతకన్నా మంచిది, నాలుగు పట్టీల పిన్నును నేరుగా తీసుకునే యూఎస్‌బీ సౌండ్ కార్డు. డెస్క్‌టాపు మదర్‌బోర్డు మీది మైకు రంధ్రంలో తరచు వినిపించే సన్నని 'ష్ష్' చప్పుడు దీనితో చాలావరకు తప్పుతుంది. బోయా బీవై-ఎం1 వంటి మైకుల మీద చిన్న పెట్టె, దానిపై ఒక మీట, లోపల గుండీ బ్యాటరీ ఉంటాయి. మీట ఫోను వైపు ఉందా కెమెరా వైపు ఉందా అన్నదాన్ని బట్టి పనిచేసే తీరు మారుతుంది కనుక, గీకుడు పరీక్షను రెండు స్థానాల్లోనూ చేయండి.

మైకు పలికిన తరవాత ఓబీఎస్ సెట్టింగ్స్‌లో ఆడియో పేజీకి వెళ్లి, మైకు దగ్గర 'డిఫాల్ట్' తీసేసి మీ మైకు పేరునే ఎంచుకోండి. మిగిలిన మైకు వరుసలన్నిటినీ 'డిసేబుల్డ్' చేయండి. వెబ్‌క్యామ్ మైకు, కాలరు మైకు రెండూ ఒకేసారి రికార్డయితే ఒకే మాట లిప్తపాటు తేడాతో రెండుసార్లు వినబడి గొంతు డొల్లగా మారుతుంది. ఆ డొల్లతనాన్ని తరవాత ఏ ఎడిటింగూ తీయలేదు. అదే పేజీలో శాంప్లింగ్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలవాలన్న అంకె) 48 కిలోహెర్ట్‌జ్ పెట్టి, విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో మైకుకు కూడా అదే అంకె ఉండేట్టు చూడండి. అసలు ఏ మైకునూ ఓబీఎస్ అందుకోకపోతే, విండోస్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో డెస్క్‌టాప్ అప్లికేషన్లకు మైకు అనుమతి మూసి ఉందేమో చూడాలి. కొన్ని కంప్యూటర్లలో ఇది మూసి ఉంటుంది, మనం తీగలు మార్చుకుంటూ పూటంతా వృథా చేసుకుంటాం.

మెడలో వేసుకునే బ్లూటూత్ ఇయర్‌ఫోను వాడవచ్చా అని కూడా అడిగారు. వినడానికి సరే, మాట్లాడడానికి వద్దు. దాని మైకును కంప్యూటరు వాడుకోవడం మొదలుపెట్టగానే బ్లూటూత్ టెలిఫోను సంభాషణల పద్ధతికి మారిపోతుంది. శబ్దం సన్నబడి, పాతకాలపు ట్రంకాల్ మాట్లాడినట్టు తయారవుతుంది. ఎంత ఖరీదైన ఇయర్‌ఫోనుకైనా చాలావరకు ఇదే గతి.

ఇక గది. మీరు పంపిన వివరంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కలవరపెట్టినది ఇదే: స్లాబు పైకప్పు, నున్నగా రంగు వేసిన ఖాళీ గోడలు, కింద చీమకుర్తి గ్రానైటు. మన రెండు జిల్లాల్లో కాస్త కలిగిన ఇల్లంటే ఈ మూడూ ఉంటాయి, చూడడానికి బాగుంటాయి, కానీ శబ్దం పాలిట ఈ మూడూ అద్దాలే. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. మీకు మీటరున్నర దూరంలో ఉన్న గోడకు తగిలి తిరిగి రావడానికి దానికి పట్టేది దాదాపు 9 మిల్లీసెకన్లు. అలాంటి ప్రతిఫలనాలు నేల నుంచి, స్లాబు నుంచి, నాలుగు గోడల నుంచి వచ్చి అసలు మాట మీద పేరుకుంటాయి. మీరు ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నప్పుడు వినేవారి చెవులు ఆ పేరుకున్నదాన్ని పట్టించుకోవు. మైకుకు ఆ విచక్షణ లేదు. గది మధ్యలో నిలబడి ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు ఆగిపోయాక సన్నగా 'ట్ర్ర్' అని సాగితే, ఆ గదిలో ఏ మైకు పెట్టినా బావిలో గొంతే వస్తుంది.

దీనికి రెండు మార్గాలున్నాయి, రెండూ కలిసి చేయాలి. ఒకటి, మైకును నోటికి దగ్గర చేయడం. నోటికీ మైకుకూ దూరం సగం చేసిన ప్రతిసారీ మీ మాట సుమారు 6 డెసిబెల్లు పెరుగుతుంది, గది ప్రతిధ్వని మాత్రం ఉన్న చోటే ఉంటుంది. మూడడుగుల నుంచి జానెడు దూరానికి, అంటే రెండుసార్లు సగం చేస్తే, మాట దాదాపు పన్నెండు డెసిబెల్లు ముందుకు వస్తుంది. అంత తేడాను పరికరాలతో కొనాలంటే కుదరదు. కాలరు మైకయితే గడ్డం కింద జానెడు దూరంలో చీర అంచుకు గానీ చున్నీకి గానీ తగిలించి, పట్టు గరగరలూ గొలుసు చప్పుళ్లూ దానికి తాకకుండా చూసుకోవాలి. బల్ల మీది యూఎస్‌బీ మైకయితే నోటికి నేరుగా ఎదురుగా కాకుండా కొద్దిగా పక్కకు పెట్టాలి. తెలుగులో ప, ఫ, భ అక్షరాలు గాలిని దూకుడుగా వదులుతాయి. 'ఫలితం', 'లాభం', 'పెట్టుబడి' అని పలికి వింటే మైకు చోటు సరైనదో కాదో మీకే తెలుస్తుంది. అకౌంట్స్ పాఠంలో ఈ మాటలు ఎలాగూ తప్పవు. బ్లూ యెతి వంటి కొన్ని మైకుల్లోకి పైకొన వైపు నుంచి కాక పక్కవైపు నుంచి మాట్లాడాలి. ఇది తెలియక మైకును తుపాకీలా నోటివైపు గురిపెట్టి, పలకడం లేదని తిట్టుకునేవారు చాలామంది ఉన్నారు. బల్ల మీద స్టాండుంటే దాని కింద తుండుగుడ్డ నాలుగు మడతలు వేసి పెట్టండి, కీబోర్డు దడదడలు కొంత తగ్గుతాయి.

రెండో మార్గం, గదిలో మెత్తని బరువైన వస్తువులు పెట్టడం. పలచని దుప్పటి ఒకటి గోడకు కడితే పై స్థాయి 'స', 'శ' ధ్వనుల మెరుపు తగ్గుతుందే తప్ప గొంతు కింది స్థాయి గుబగుబ తగ్గదు. మందపాటి బొంత, పరుపు, దళసరి కర్టెన్లు, తలుపులు తీసి ఉంచిన బట్టల బీరువా నిజంగా పనిచేస్తాయి. మీ వెనుక గోడ, ఎదుటి గోడ ఈ రెండింటికీ ప్రాధాన్యం ఇవ్వండి, కాళ్ల కింద గ్రానైటు మీద ఒక తివాచీ పరవండి. గుడ్ల అట్టలు గోడకు అంటించమని వీడియోల్లో చెబుతుంటారు. అవి మాట ధ్వనిని పీల్చుకునేది అతి స్వల్పం, ఎలుకలను మాత్రం బాగా ఆకర్షిస్తాయి. థర్మోకోల్ పలకలు కూడా శబ్దానికి పనికిరావు, వాటికి వెలుతురు దగ్గర మంచి ఉపయోగం ఉంది, అది కింద చెబుతాను. కేంద్రంలోని పెద్ద తరగతి గదిని వదిలి, ఇంట్లో పరుపూ బట్టలూ ఉన్న చిన్న పడకగదిలో రికార్డు చేయగలిగితే సగం శ్రమ తీరిపోతుంది.

ఫాను గురించి మొహమాటం లేకుండా చెబుతాను. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు ఫాను ఆపుకుని పాఠం చెప్పమనడం న్యాయం కాదు. అయితే మైకును ఫాను నేరుగా కిందికి రానివ్వకండి, గాలి మైకు మీద పడకుండా నురుగు తొడుగు వేయండి, వేగం తగ్గించండి. వేగం తగ్గించినప్పుడు 'గుయ్యి' మనే మూలుగు మొదలైతే, అది రెగ్యులేటరు వల్ల వచ్చేది: గుండ్రంగా తిరిగే కొన్ని ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్లు విద్యుత్తు అలను ముక్కలు చేసి పంపడం వల్ల మోటారు మూలుగుతుంది, మెట్లు మెట్లుగా మారే కెపాసిటరు రెగ్యులేటరులో ఆ బాధ ఉండదు. వేసవిలో పొద్దెక్కక ముందే రికార్డు చేసుకుంటే చల్లదనమూ నిశ్శబ్దమూ రెండూ దొరుకుతాయి. కావలిలో విజయవాడ, చెన్నై రైలు మార్గమూ జాతీయ రహదారీ రెండూ దగ్గరే కాబట్టి, ఎంత కట్టుదిట్టం చేసినా ఇంజను కూతలూ లారీ హారన్లూ వస్తూనే ఉంటాయి. వాటిని సాఫ్ట్‌వేర్‌తో తీసేయాలని చూడకండి. చప్పుడు పోయేవరకు ఆగి, ఆ వాక్యాన్ని మొదటినుంచి చెప్పి, తరవాత పాడైన ముక్కను కోసేయండి.

నిలకడగా వినబడే 'హమ్' శబ్దం ఉంటే అది వేరే జబ్బు. మన ఇళ్లలో విద్యుత్తు 50 హెర్ట్‌జ్ కాబట్టి ఎర్త్ సరిగా లేని చోట ఆ అలే మైకు తీగలోకి చొరబడుతుంది. క్యాబినెట్ ఇనుముకు చేయి తగిలినప్పుడు ఎప్పుడైనా జివ్వుమనిపించి ఉంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ చూపించండి. ఇది రికార్డింగు కన్నా మీ ప్రాణానికి సంబంధించినది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నులదిగా మార్చి హమ్ పోగొట్టుకునే చిట్కాను ఎవరు చెప్పినా వినకండి.

ఇప్పుడు స్థాయిలు. మామూలు గొంతుతో పాఠం చెబుతున్నప్పుడు ఓబీఎస్ పట్టీ పసుపు భాగంలో, అంటే మైనస్ 20, మైనస్ 9 డెసిబెల్ల మధ్య ఆడాలి. మీరు నవ్వినా, గట్టిగా నొక్కి చెప్పినా ఎరుపులోకి ఒక్క క్షణం వెళ్లి రావచ్చు గానీ సున్నాను తాకకూడదు. తాకితే గొంతు చిట్లుతుంది, దాన్ని బాగుచేసే మార్గం లేదు. తక్కువగా రికార్డయినదాన్ని మాత్రం తరవాత పెంచుకోవచ్చు. మైకు పక్కనున్న మూడు చుక్కలు నొక్కి ఫిల్టర్స్‌లోకి వెళ్లి, మొదట నాయిస్ సప్రెషన్ పెట్టి అందులో ఆర్‌ఎన్‌నాయిస్ ఎంచుకోండి. ఫాను వంటి ఎడతెగని హోరును అది చాలా నేర్పుగా తీస్తుంది. దాని కింద, గట్టి మాటకూ మెల్లని మాటకూ తేడా తగ్గించే కంప్రెసరు, నిష్పత్తి 3:1, థ్రెషోల్డ్ (అది పని మొదలుపెట్టే స్థాయి) మైనస్ 18 దగ్గర మొదలుపెట్టి చెవితో సరిచేసుకోండి. చివరన, శబ్దాన్ని హద్దు దాటనివ్వని లిమిటరు మైనస్ 3 దగ్గర. నాయిస్ గేట్ అనే ఫిల్టరు జోలికి మీరు వెళ్లవద్దని నా సలహా: మీరు మాట్లాడనప్పుడు మైకును పూర్తిగా మూసి, మాట మొదలవగానే తెరవడం దాని పని. వాక్యం చివర తెలుగులో గొంతు సహజంగా దిగిపోతుంది కనుక 'చేస్తున్నాము', 'వస్తుంది' వంటి క్రియల తోకలను అది తరచు కత్తిరించేస్తుంది.

శబ్దం తృప్తిగా ఉందనుకున్నాకే కెమెరా ముట్టుకోండి. చారలు పాకడానికి కారణం కూడా మన 50 హెర్ట్‌జ్ విద్యుత్తే. పాత చోకు ట్యూబ్‌లైటూ, చవక ఎల్‌ఈడీలూ సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులు చేస్తాయి. చాలా వెబ్‌క్యాములు 60 హెర్ట్‌జ్ దేశాలకు సరిపోయే అమరికతో వస్తాయి. ఓబీఎస్‌లో మీ వెబ్‌క్యామ్ ప్రాపర్టీస్ తెరిచి 'కాన్ఫిగర్ వీడియో' నొక్కితే వచ్చే పెట్టెలో, పవర్‌లైన్ ఫ్రీక్వెన్సీ అనో యాంటీ ఫ్లికర్ అనో ఒక వరుస ఉంటుంది. దాన్ని 50కి మార్చండి. చారలు అక్కడికక్కడే ఆగిపోతాయి. కెమెరా తీసి మళ్లీ పెట్టినప్పుడో కంప్యూటరు ఆపి మళ్లీ వేసినప్పుడో కొన్ని కెమెరాలు ఈ అమరికను మరచిపోతాయి కాబట్టి, రికార్డింగుకు ముందు ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

బొమ్మ ఆగి ఆగి కదలడానికి రెండు కారణాలుండవచ్చు. మొదటిది లెక్క సంబంధమైనది. 1080 గీతల బొమ్మను కుదించకుండా వైయూవై2 పద్ధతిలో పంపాలంటే ఒక్కో చుక్కకు రెండు బైట్లు పడతాయి. 1920ని 1080తో, ఆ పైన 2తో, సెకనుకు 30 ఫ్రేములతో హెచ్చిస్తే సెకనుకు 124 మెగాబైట్లు, అంటే దాదాపు 995 మెగాబిట్లు అవుతుంది. యూఎస్‌బీ 2.0 తీగ కాగితం మీద మోయగలిగినదే 480 మెగాబిట్లు. మిగిలినదానికి దారి లేక కెమెరా సెకనుకు అయిదో పదో ఫ్రేములకు దిగిపోతుంది. కెమెరా ప్రాపర్టీస్‌లో రిజల్యూషన్ టైప్ 'కస్టమ్'గా మార్చి, 1920×1080, 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకు 30 ఫ్రేములు) పెట్టి, వీడియో ఫార్మాట్ ఎంజేపెగ్ ఎంచుకుంటే కెమెరా లోపలే బొమ్మను కుదించి పంపుతుంది, ఇబ్బంది తీరుతుంది. కెమెరానూ మైకునూ ఒకే చిన్న హబ్బులో గుచ్చకుండా, కెమెరాను క్యాబినెట్ వెనుక వైపు పోర్టులో పెట్టండి. తెర మూలన చిన్న చదరంలో కనిపించే ముఖానికి 720 గీతలు చాలు అనే విషయం కూడా గుర్తుంచుకోవచ్చు. లాజిటెక్ సీ270 వంటి 720 కెమెరాలు ఆ పనికి హాయిగా సరిపోతాయి.

రెండో కారణం చీకటి. వెలుతురు చాలనప్పుడు కెమెరా ఒక్కో ఫ్రేముకు షట్టరును ఎక్కువ సేపు తెరిచి ఉంచుతుంది, అందువల్ల సెకనుకు 30కి బదులు 15 ఫ్రేములే వస్తాయి. కెమెరా పెట్టెలో 'లో లైట్ కంపెన్సేషన్' ఆపేసి, ఎక్స్‌పోజర్ (షట్టరు తెరిచి ఉండే సమయం) ఆటో నుంచి తప్పించి మైనస్ 5 లేదా మైనస్ 6 దగ్గర నిలపండి. విండోస్‌లో ఈ అంకెలు 2 అనే సంఖ్యకు ఘాతాలు: మైనస్ 5 అంటే సెకనులో 32వ వంతు. బొమ్మ చీకటిగా మారితే వెలుతురు పెంచాలి తప్ప ఆ అంకెను కాదు. బొమ్మ రంగులను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌కు కూడా ఆటో తీసేయండి. తెల్లని ఎక్సెల్ షీటు నుంచి ట్యాలీకి మారినప్పుడల్లా మానిటరు వెలుగు మారి ముఖం ఒకసారి నీలంగా, ఒకసారి పచ్చగా కనబడేది దీనివల్లే. కిటికీ మీ వెనుక ఉంటే కుర్చీ తిప్పండి. కిటికీ ముందుండాలి లేదా పక్కనుండాలి. ట్యూబ్‌లైటు నెత్తిన ఉంటే కళ్ల కింద నీడలు పడతాయి, అందుకే ఎల్‌ఈడీ బ్యాటన్ ఒకటి మానిటరు వెనుక, కంటికి కొంచెం ఎత్తులో పెట్టి, ఇందాక చెప్పిన థర్మోకోల్ పలకను రెండో వైపు ఆనించండి. పలక నుంచి తిరిగొచ్చే మెత్తని వెలుతురు ఆ వైపు నీడను కరిగిస్తుంది. కళ్లజోడు ఉంటే దీపాన్ని ఇంకొంచెం పైకీ పక్కకూ జరపాలి. కెమెరా కన్ను మీ కంటి ఎత్తున ఉండాలి.

పెదవుల పొంతన విషయానికి వస్తే, కెమెరా బొమ్మ కంప్యూటరుకు చేరి సిద్ధమయ్యేలోపే మాట చేరిపోతుంది. మైకు 48 కిలోహెర్ట్‌జ్, ఎంజేపెగ్, నిలకడగా 30 ఫ్రేములు ఈ మూడూ సరిచేశాక కూడా తేడా మిగిలితే అది సాధారణంగా స్థిరమైన తేడాగానే ఉంటుంది. కెమెరా ముందు ఒక చప్పట కొట్టి రికార్డు చేసి, ఏదైనా ఎడిటరులో ఒక్కో ఫ్రేము జరుపుతూ, చప్పుడు వినబడిన చోటికీ చేతులు కలిసిన ఫ్రేముకూ ఎన్ని ఫ్రేముల దూరముందో చూడండి. 30 ఎఫ్‌పీఎస్‌లో ఒక్కో ఫ్రేము 33 మిల్లీసెకన్లు. నాలుగు ఫ్రేములు బొమ్మ వెనకబడితే, అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో మైకుకు ఎదురుగా సింక్ ఆఫ్‌సెట్ 130 అని వేయండి. అలా కాక పాఠం మొదట్లో సరిగా ఉండి పోనుపోను దూరమవుతుంటే, శాంప్లింగ్ రేటు అంకెలు ఎక్కడో కలవలేదని అర్థం. వెనక్కి వెళ్లి వాటిని చూడండి.

కరెంటు పోయి ఫైలు చెడిపోవడానికి మీ కంప్యూటరు తప్పేమీ లేదు. మామూలు ఎంపీ4 ఫైలులో ఏ బొమ్మ ఎక్కడుందో చెప్పే సూచిక రికార్డింగు ముగిసినప్పుడు చివరన రాయబడుతుంది. ఆ లోపే కరెంటు పోతే లోపల గంట పాఠమున్నా తెరిచే దారి ఉండదు. సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ పేజీకి వెళ్లి రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీకి మార్చండి. అప్పుడు కరెంటు పోయినా ఆ క్షణం వరకు రికార్డయినది మిగులుతుంది. పాఠం అయ్యాక ఫైల్ మెనూలో రీమక్స్ రికార్డింగ్స్ నొక్కితే నాణ్యత ఏమీ తగ్గకుండా కొద్ది సేపట్లోనే ఎంపీ4 తయారవుతుంది. 2024లో వచ్చిన ఓబీఎస్ 30.2 నుంచి హైబ్రిడ్ ఎంపీ4 అనే మరో మార్గం కూడా ఉంది, అదీ కరెంటు కోతను తట్టుకుంటుంది. అదే పేజీలో వీడియోను కుదించే ఎన్‌కోడర్‌గా హార్డ్‌వేర్ క్యూఎస్‌వీ (ఇంటెల్ ప్రాసెసర్లలో వీడియో పనికి ఉండే ప్రత్యేక భాగం) కనిపిస్తే దాన్నే ఎంచుకోండి. మీ ఐ5 ప్రాసెసరు మీద భారం తగ్గి క్యాబినెట్ ఫాను అరవకుండా ఉంటుంది, అంటే ఇదీ తిరిగి శబ్దానికే మేలు.

వీడియో పేజీలో బేస్, అవుట్‌పుట్ రెండు అంకెలూ మీ మానిటరు రిజల్యూషనుతో సమానంగా ఉంచండి. మధ్యలో కుదించడమో సాగదీయడమో జరిగితే అక్షరాలు మసకబారతాయి. మీ విద్యార్థులు చూసేది అరచేతిలోని ఫోనులో కాబట్టి విండోస్ స్కేలింగ్ 150 శాతం, ఎక్సెల్ జూమ్ 130 శాతానికి పైన పెట్టడం మేలు. తెరను విండో క్యాప్చర్‌తో కాక డిస్‌ప్లే క్యాప్చర్‌తో తీసుకోండి, ఎందుకంటే విండో క్యాప్చర్‌లో ఎక్సెల్ నుంచి కిందికి జారే మెనూలు కొన్నిసార్లు రికార్డు కావు.

ముఖం చదరం కుడి మూలన పెట్టడం అందరి అలవాటు. ట్యాలీ పాఠంలో అది పొరపాటు. ట్యాలీప్రైమ్‌లో కుడివైపు నిలువు పట్టీలోనే కాంట్రా, పేమెంట్, రిసీట్, జర్నల్, సేల్స్, పర్చేజ్ మీటలు ఉంటాయి, అట్టడుగున ఎఫ్12 కాన్ఫిగర్ ఉంటుంది. విద్యార్థి కళ్లు వెతికేది సరిగ్గా అక్కడే. నా అభిప్రాయంలో పాఠమంతా ముఖం కనబడవలసిన అవసరమే లేదు. ఓబీఎస్‌లో మూడు సీన్లు చేసుకోండి: డెబిట్, క్రెడిట్ సూత్రం వివరించేటప్పుడు ముఖం మాత్రమే, ఎంట్రీ వేసేటప్పుడు తెర మాత్రమే, సందేహాలు చెప్పేటప్పుడు తెరా ముఖమూ కలిసి. సీన్లు మార్చే హాట్‌కీలుగా ఎఫ్4 నుంచి ఎఫ్9 వరకు ఏదీ వాడకండి. ఓబీఎస్ హాట్‌కీలు ఏ అప్లికేషన్‌లో ఉన్నా పనిచేస్తాయి కనుక మీరు పేమెంట్ వోచరు కోసం ఎఫ్5 నొక్కగానే తెర మాయమై మీ ముఖం ప్రత్యక్షమవుతుంది. కంట్రోల్, షిఫ్ట్‌లతో కలిపి కీబోర్డు కుడివైపు అంకెల మీటలు పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. డెమో కంపెనీ ఒకటి ప్రత్యేకంగా సృష్టించి దానిలోనే చెప్పండి. మీరు లెక్కలు రాసిపెట్టే రొయ్యల వ్యాపారుల అసలు పుస్తకాలు తెరిస్తే వారి జీఎస్‌టీ నంబర్లూ బాకీలూ ఊరంతా చూస్తుంది. రికార్డింగుకు ముందు విండోస్ నోటిఫికేషన్లను 'డు నాట్ డిస్టర్బ్'లో పెట్టి వాట్సాప్ పూర్తిగా మూసేయండి.

అన్నీ కుదిరాక మూడు నిమిషాల నమూనా ఒకటి తీసి, ముందు తీగ ఇయర్‌ఫోనుతో, తరవాత మామూలు ఫోను స్పీకరుతో వినండి. ఫోను స్పీకరు కింది స్థాయి ధ్వనులను పలకలేదు కాబట్టి హమ్ ఉన్నా అక్కడ దాక్కుంటుంది, ఇయర్‌ఫోనులో బయటపడుతుంది. ఇయర్‌ఫోనులో స్పష్టంగా ఉన్న మాట ఫోను స్పీకరులో తేలిపోతే కంప్రెసరును కొంచెం బిగించాలి.

4కే కెమెరాకు అనుకున్న డబ్బును ఇలా ఖర్చు పెట్టండి: మొదట మైకుకు యూఎస్‌బీ సౌండ్ కార్డు, తరవాత మందపాటి కర్టెన్లూ తివాచీ, ఆ పైన ఒక ఎల్‌ఈడీ బ్యాటన్, ఇంకా మిగిలితే డెస్క్‌టాపుకు యూపీఎస్. అప్పటికీ డబ్బు మిగిలి, కాలరు మైకు గొంతు మీకు నచ్చకపోతే, ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా అందుకునే కార్డియాయిడ్ రకం యూఎస్‌బీ మైకు ఒకటి చూడవచ్చు. ఈ లోపు గీకుడు పరీక్షలో ఏ పట్టీ ఎగిరిందో, మైకు పిన్ను మీద గీతలు ఎన్నున్నాయో, మీ వెబ్‌క్యామ్ మోడల్ ఏదో రాయండి, అమ్మా; ఆ మూడూ తెలిస్తే కొనవలసిన అడాప్టరు ఏదో కచ్చితంగా చెప్పగలను.